వాన జూబ్లీహిల్స్‌లో... నీళ్లు అమీర్‌పేటలో!

హైదరాబాద్‌లో అన్నిటికంటే ఎత్తైన చోటు బంజారాహిల్స్. సముద్రమట్టానికి 672 మీటర్లు. హుస్సేన్ సాగర్ నిండుకుండలా ఉన్నప్పుడు నీటిమట్టం 513.41 మీటర్లు. అంటే తేడా దాదాపు 160 మీటర్లు. ఆ ఎత్తు నుంచి ఈ పల్లానికి నీళ్లు దిగే దారిలో మనం కట్టుకున్న పేటలే పంజాగుట్ట, అమీర్‌పేట. జూబ్లీహిల్స్ కొండ మీద పడ్డ వాన కృష్ణానగర్, యూసుఫ్‌గూడ, మధురానగర్ మీదుగా మైత్రీవనం దగ్గరికి చేరుతుంది. అక్కణ్నుంచి బేగంపేట వైపు నాలాలు పట్టుకుని సాగర్‌లోకి పోవాలి. పోవాలన్నది ఆశ. నాలా గొంతు దాకా నిండి ఉంటే అది మన గల్లీలోనే మకాం వేస్తుంది.

అందుకే ఇక్కడి పాతకాపులు మబ్బు పట్టగానే తమ నెత్తి మీది ఆకాశం చూసి ఊరుకోరు. జూబ్లీహిల్స్‌లో పనిచేసే చుట్టాలకు ఫోన్ కొట్టి "మీ దిక్కు ఎట్లుంది?" అని అడుగుతారు. అక్కడ దంచికొడుతోందంటే, ఇక్కడ నాలుగు చినుకులు కూడా రాలకముందే బండిని సెల్లార్‌లోంచి పైకి తెచ్చేస్తారు.

గండిపేట గేట్లు ఎత్తితే మనకేంటి?

టీవీలో "జంట జలాశయాల గేట్లు ఎత్తివేత" అని స్క్రోలింగ్ రాగానే ఊళ్లలో ఉన్న అమ్మానాన్నలు అమీర్‌పేట హాస్టళ్లలోని పిల్లలకు వరసగా ఫోన్లు చేస్తారు. నిజానికి ఆ గేట్లకీ ఈ పేటకీ సంబంధం లేదు. గండిపేట అని పిలుచుకునే ఉస్మాన్ సాగర్ (15 గేట్లు), హిమాయత్ సాగర్ (17 గేట్లు) నీళ్లు మూసీలోకి పోతాయి. భయపడాల్సింది మూసారాంబాగ్, చాదర్‌ఘాట్ వాళ్లు. ఆ రెండు జలాశయాలు పుట్టిందే మూసీ కోసం. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి పదిహేను వేల మంది దాకా చనిపోయారని అంచనా. అఫ్జల్‌గంజ్‌లో ఇప్పుడు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికి బయటపడ్డారు. మరుసటేడు నిజాం పిలుపు మీద మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి, ఎగువన జలాశయాలు కట్టి వరదను ఆపాలని చెప్పారు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి.

అమీర్‌పేట వాళ్లు చూసుకోవాల్సిన అంకె ఒక్కటే: హుస్సేన్ సాగర్ 513.41. చెరువు ఆ మట్టానికి దగ్గర పడిందంటే కూకట్‌పల్లి నాలా, బంజారా నాలా నీళ్లు అందులోకి జోరుగా దిగవు, వెనక్కి తన్నుతాయి. 1562లో ఇబ్రహీం కుతుబ్ షా హయాంలో తవ్వించిన చెరువు ఇవాళ మన సెల్లార్‌లో ఎన్ని అడుగుల నీళ్లు నిలబడాలో తేలుస్తోందన్నమాట.

ఎవరి టెర్రస్ మీద ఎన్ని ట్యాంకర్లు?

వాన కొలతలో ఒక చిన్న కిటుకు ఉంది. ఒక చదరపు మీటరు చోటులో ఒక మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా ఒక లీటరు. దీన్ని మన గజాల్లోకి తెచ్చుకుందాం. 200 గజాల టెర్రస్ అంటే సుమారు 167 చదరపు మీటర్లు. 2020 అక్టోబర్ 14 ఉదయం ఎనిమిదిన్నరతో ముగిసిన 24 గంటల్లో బేగంపేటలో 191.8 మిల్లీమీటర్లు కురిసింది. లెక్క కడితే ఒక్క టెర్రస్ మీదే 32,000 లీటర్లు. అంటే ఎండాకాలంలో బుక్ చేసి రెండు రోజులు ఎదురుచూసే 5,000 లీటర్ల ట్యాంకర్లు ఆరు, ఒక్క రాత్రిలో, పైసా ఖర్చు లేకుండా నెత్తిన పడ్డాయి. అవన్నీ గొట్టంలోంచి గల్లీలోకే వదిలేశాం.

ఇంకో తమాషా. ఆ రాత్రి నగరం అతలాకుతలమైంది కదా, వాతావరణ శాఖ పట్టికలో మాత్రం బేగంపేట వాన "అత్యంత భారీ" గడిలోకి ఎక్కలేదు! ఒక రోజులో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్ల దాకా భారీ, 115.6 నుంచి 204.4 దాకా అతి భారీ, అది దాటితేనే అత్యంత భారీ. 2020 వాన పన్నెండు మిల్లీమీటర్ల తేడాతో ఆగిపోయింది. 2000 ఆగస్టు 24న బేగంపేటలో పడిన 24 సెంటీమీటర్లు మాత్రం ఆ గడిలోకి దర్జాగా ఎక్కింది. అప్పుడు బ్రాహ్మణవాడిలో జనం ఇళ్ల పైకప్పులెక్కి కూర్చున్న సంగతి బేగంపేట పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్తారు.

అయితే ఇరవై నాలుగు గంటల లెక్క పట్టణానికి పెద్దగా పనికిరాదు. ముసురుపట్టి రోజంతా పది సెంటీమీటర్లు పడితే నాలాలు తట్టుకుంటాయి. అదే పది గంటసేపట్లో పడితే? 20 నుంచి 30 చదరపు కిలోమీటర్ల మేర గంటలో 100 మిల్లీమీటర్లు పడడాన్నే వాతావరణ శాఖ క్లౌడ్‌బరస్ట్ అంటుంది. అంత దాకా పోనక్కర్లేదు. గంటకు రెండు సెంటీమీటర్లు మించితే మన నాలాలు చేతులెత్తేస్తాయన్నది నగర ఇంజనీర్ల నోట తరచూ వినపడే మాట.

కుంట పోయి పార్కింగ్ వచ్చె

2025 ఆగస్టు 10, ఆదివారం. ముందు రోజుల వానలకు మునిగిన బల్కంపేట, బుద్ధనగర్, మైత్రీవనం ప్రాంతాలకు ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి చెప్పాపెట్టకుండా వచ్చారు. బుద్ధనగర్‌లో ఏడో తరగతి పిల్లాడు ఆయన్ని వెంటబెట్టుకుని ఇంట్లోకి నీళ్లు ఎట్లా వచ్చాయో, పుస్తకాలు ఎట్లా తడిసిపోయాయో చూపించాడు. పక్కనే గంగూబాయి బస్తీలో ఉండాల్సిన కుంట పూడిపోయి వాహనాల పార్కింగ్‌గా మారిన సంగతి కూడా ఆ రోజే పత్రికలకెక్కింది. కుంట అంటే ఊరికే నీళ్లు నిలిచే గుంట కాదు. ఎగువ నుంచి వచ్చే దూకుడును కాసేపు పట్టి ఉంచి నెమ్మదిగా వదిలే సాధనం. దాన్ని పూడ్చి, ఇప్పుడు అదే పని చేయడానికి సోమాజిగూడ, లక్డీకాపూల్ లాంటి చోట్ల రోడ్డు కింద కాంక్రీటు సంపులు కడుతున్నాం. పోగొట్టుకున్న కుంటను టెండరు పిలిచి కొనుక్కోవడం అంటే ఇదే.

అన్నట్టు, రాష్ట్ర నీటిపారుదల శాఖ కార్యాలయం జలసౌధ ఎక్కడుందో తెలుసా? పంజాగుట్ట పక్కనే, ఎర్రమంజిల్‌లో. విద్యుత్ సంస్థల విద్యుత్ సౌధ కూడా అక్కడికి కూతవేటు దూరంలోనే. నీళ్ల ఆఫీసూ కరెంటు ఆఫీసూ మన గుమ్మం ముందే ఉన్నాయి. మోకాలి లోతు నీళ్లలో, చీకట్లో నిలబడి ఈ విషయం తలచుకుంటే కాస్త కాలక్షేపం.

ఏ మూత ఎవరిది?

రోడ్డు మీద గుండ్రటి ఇనుప మూత కనిపిస్తే అది చాలామటుకు మురుగునీటి మ్యాన్‌హోల్, జలమండలిది (155313). రోడ్డు అంచున ఊచల జాలీ కనిపిస్తే అది వర్షపునీటి కాల్వ, జీహెచ్‌ఎంసీది (040-21111111). ఫిర్యాదు తప్పు ఆఫీసుకి పోతే "అది మాది కాదండీ" అన్న జవాబు రావడానికి ఒక పూట చాలు. 2024లో పుట్టిన హైడ్రా బృందాలు వానాకాలంలో నీళ్లు తోడే మోటార్లతో తిరుగుతాయి, చెట్లు పడితే అవే వచ్చి కోస్తాయి.

నీళ్లు నిలిచాయి కదా అని పార పెట్టి మ్యాన్‌హోల్ మూత లేపే ఉత్సాహవంతులు ప్రతి గల్లీలో ఒకరుంటారు. జలమండలి చట్టం ప్రకారం అది నేరం. నేరం సంగతి పక్కన పెట్టినా, బురద నీళ్ల కింద తెరిచిన గుంత ఎవరికీ కనపడదు. 2023 ఏప్రిల్ 29 ఉదయం సికింద్రాబాద్ కళాసిగూడలో పాల ప్యాకెట్ కోసం బయల్దేరిన చిన్నారి వాననీళ్లలో కనపడని గుంతలో పడి చనిపోయింది. నీళ్లలో నడవక తప్పకపోతే చేతిలో ఒక కర్ర, లేదంటే మడిచిన గొడుగు పట్టుకుని ముందు తట్టి, తర్వాత అడుగు వేయాలి.

పైగా మ్యాన్‌హోల్ తెరిస్తే వాననీళ్లు మురుగు గొట్టంలోకి దూరి, పక్క వీధి గ్రౌండ్ ఫ్లోర్ బాత్రూముల్లోంచి పైకి తేలతాయి. కమోడ్ గుడగుడమంటోందంటే అదే మొదటి సూచన. పాలిథిన్ సంచిలో ఇసుక నింపి మూతి గట్టిగా కట్టి కమోడ్ గిన్నెలో ఒకటి, బాత్రూము జాలీ మీద ఒకటి పెడితే మురుగు పైకి తన్నడం చాలావరకు ఆగుతుంది. ఇసుక దొరక్కపోతే నీళ్లు నింపి బిగించిన సంచీ అయినా సరే.

సెల్లార్ తలుపు బరువెంత?

మూడడుగుల వెడల్పు తలుపు. అవతల ఒక అడుగు నీళ్లు నిలిచాయి. తలుపు మీద పడే ఒత్తిడి సుమారు 42 కిలోలు. భుజం పెట్టి తోస్తే కదులుతుంది. నీళ్లు రెండడుగులైతే రెట్టింపు అవుతుందనుకుంటాం. కాదు, నాలుగు రెట్లవుతుంది, 170 కిలోలు. మూడడుగులకు 380 దాటుతుంది. లోతు పెరిగేకొద్దీ ఒత్తిడి కూడా పెరుగుతుంది, అది పనిచేసే మేరా పెరుగుతుంది, అందుకే ఈ గుణకారం. 2024 జులై 27న ఢిల్లీ రాజేంద్రనగర్‌లో కోచింగ్ సెంటర్ సెల్లార్ లైబ్రరీలోకి వరద దూసుకొచ్చి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. అమీర్‌పేటలో చదువుకునేవాళ్లకు, చదువు చెప్పేవాళ్లకు ఇంతకంటే దగ్గరి వార్త ఉండదు. సెల్లార్ మెట్ల మీద నీళ్లు జారుతుండగా కిందికి దిగి బండి తెచ్చుకోవాలనిపిస్తే ఈ 170 గుర్తు చేసుకోండి.

లిఫ్టు సంగతి కూడా చెప్పుకోవాలి. ప్రతి లిఫ్టు కింద ఒక గుంత ఉంటుంది. సెల్లార్ మునిగితే ముందు నిండేది అదే. వాన మొదలవగానే వాచ్‌మన్ లిఫ్టును రెండో అంతస్తుకో మూడో అంతస్తుకో పంపి అక్కడే మెయిన్ ఆపేస్తే, తర్వాత వచ్చే రిపేరు బిల్లు చాలావరకు తగ్గుతుంది. సంపు మూత నేలకు సమానంగా ఉన్న అపార్ట్‌మెంట్లలో ఇంకో తిప్పలు: వరద సంపులో కలిసిన విషయం తెలియక మోటారు వేస్తే ఆ నీళ్లు పై ట్యాంకుకు, అక్కణ్నుంచి అందరి వంటింటి కుళాయిలకు చేరతాయి. ముందు సంపు చూడాలి, తర్వాతే మోటారు. మూతకు చుట్టూ ఓ అడుగు ఎత్తున ఇటుకల గోడ కట్టించుకోవడం మేస్త్రీకి ఒక పూట పని.

"ఎల్‌సీ ఇచ్చిన్రు సార్"

వానలో కరెంటు పోగానే కింద ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి నలుగురు చేరతారు. లైన్‌మన్ టార్చిలైటు పట్టుకుని తీగల వెంబడి తల పైకెత్తి నడుస్తుంటాడు. "అన్నా, ఇంకెంత సేపు?" అంటే "ఎల్‌సీ ఇచ్చిన్రు సార్, లైన్ మొత్తం చూసుకుంట రావాలె" అంటాడు. ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. ఫలానా తీగలో కరెంటు ఆపేశాం, నువ్వు పని చేసుకోవచ్చు అని సబ్‌స్టేషన్ ఇచ్చే అనుమతి. దాన్ని అతను తిరిగి అప్పజెప్పేదాకా అక్కడ స్విచ్ వేయడానికి వీల్లేదు. ఒక్క కొమ్మ తీగ మీద పడి ఉన్నా ఫీడర్ మళ్లీ ట్రిప్ అవుతుంది, తెగిన తీగ నీళ్లలో ఉంటే ప్రాణం పోతుంది. ఆలస్యంలో ఎక్కువ భాగం ఈ నడకకే పోతుంది. కాబట్టి కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేసేటప్పుడు "కరెంటు లేదు" అనడం కంటే స్తంభం నంబరు, ఎక్కడ నిప్పురవ్వలు కనిపించాయో చెబితే అతని నడక తగ్గుతుంది.

ఇంట్లో జనరేటర్ ఉన్నవాళ్లు దాన్ని నేరుగా ప్లగ్గులోకి గుచ్చితే ఏమవుతుందో తెలుసా? ఆ కరెంటు మీటరు దాటి వెనక్కి వెళ్లి, ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీ పెరిగి, ఎల్‌సీ తీసుకుని ధైర్యంగా స్తంభమెక్కిన మనిషిని పట్టుకుంటుంది. మార్పిడి స్విచ్ లేకుండా జనరేటర్ వాడకూడదనేది అందుకే.

ఎంసీబీ ఉంది కదా, షాక్ కొడితే పడిపోతుందనుకునేవాళ్లు చాలామంది. పడదు. లైట్ల లైన్‌కు పెట్టే 6 ఆంపియర్ల ఎంసీబీ కాపాడేది తీగలను, మనల్ని కాదు. మనిషి ప్రాణానికి ముప్పు రావడానికి 30 మిల్లీ ఆంపియర్లు చాలు. ఆరు ఆంపియర్లంటే దానికి 200 రెట్లు. మనల్ని కాపాడేది ఆర్‌సీసీబీ: వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు పోల్చి చూసి 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే కన్ను మూసి తెరిచేలోగా ఆపేస్తుంది. దాని మీద 'టి' అని ఒక చిన్న మీట ఉంటుంది. నెలకోసారి అది నొక్కి పడుతోందో లేదో చూడాలి. పాత అపార్ట్‌మెంట్లలో ఇది అసలు ఉండదు. కొత్త టీవీ కొనేముందు ఇది పెట్టించుకోండి అని నా సలహా.

గాలివాన రాత్రి జరిగే ఇంకో వింత. బల్బులు ఒక్కసారిగా తెల్లగా వెలిగి టప్పున పేలతాయి, పక్కింట్లో మాత్రం గుడ్డి దీపాల్లా మారతాయి. "హై వోల్టేజ్ వచ్చింది" అంటాం. అసలు జరిగింది న్యూట్రల్ తెగడం. స్తంభం మీద మూడు ఫేజులు, ఒక న్యూట్రల్ ఉంటాయి. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 వోల్టులు, ఫేజుకీ ఫేజుకీ మధ్య 400. న్యూట్రల్ ఊడితే రెండు వేర్వేరు ఫేజుల మీదున్న ఇళ్లు ఆ నాలుగు వందలను పంచుకోవాల్సి వస్తుంది. తక్కువ లోడు ఉన్న ఇంటికి ఎక్కువ వోల్టేజీ పోతుంది. అంటే పొదుపుగా ఒక్క టీవీ పెట్టుకు కూర్చున్నవాడి టీవీయే కాలుతుంది, ఏసీ నడిపించినవాడు కొంత బతికిపోతాడు. న్యాయం లేదు కానీ భౌతికశాస్త్రం అంతే. దీపాలు అట్లా ఎక్కువ తక్కువలు అవుతుంటే కారణం వెతుక్కోకుండా మెయిన్ దించేయాలి. పొడి చెప్పులు, పొడి చేతులు ఉంటేనే. మీటర్ బోర్డు సెల్లార్‌లో ఉండి అక్కడ నీళ్లు ఉంటే ఎవరూ దిగొద్దు, 1912కే చెప్పాలి. నీళ్లు తీసిన తర్వాత కూడా మునిగిన స్విచ్ బోర్డు బాగా ఆరి, ఎలక్ట్రీషియన్ చూసేదాకా వేయకూడదు.

స్తంభాలకు వేలాడే నల్లటి కేబుళ్ల కట్టలు కూడా ప్రమాదమేనని 2025 ఆగస్టులో రామంతాపూర్ తేల్చింది. కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయాక, విద్యుత్ సిబ్బంది నగరమంతా కేబుళ్లు కత్తిరించారు. కొన్నాళ్లు సగం ఊరికి ఇంటర్నెట్ లేదు.

హుస్సేన్ సాగర్ ఒడ్డున కరెంటు పుట్టేది

ఐమ్యాక్స్‌లో సినిమా చూసేవాళ్లలో ఎంతమందికి తెలుసో గానీ, ఆ చుట్టుపక్కలే 1920 నాటి థర్మల్ విద్యుత్ కేంద్రం ఉండేది. సామర్థ్యం 22.5 మెగావాట్లు. 1983లో మూసేశారు, 1995లో కూల్చేశారు.

ఇంకో ముచ్చట. 2012 జులై 30, 31 తేదీల్లో సగం దేశం చీకట్లో మునిగినప్పుడు అమీర్‌పేటలో జిరాక్స్ మిషన్లు మామూలుగానే తిరిగాయి. దక్షిణాది గ్రిడ్ అప్పటికి మిగతా దేశంతో పూర్తిగా ముడిపడలేదు. 2013 డిసెంబర్ 31న రాయచూర్–షోలాపూర్ లైన్ కలిశాకే దేశమంతా ఒకే గ్రిడ్ అయింది.

ఇన్వర్టర్ ఎంతసేపు?

150 ఏహెచ్ బ్యాటరీ అంటే 12 వోల్టులతో గుణిస్తే 1,800 వాట్ అవర్లు. అదంతా వాడితే బ్యాటరీ త్వరగా చస్తుంది, మార్పిడిలో కొంత పోతుంది, చేతికి మిగిలేది సుమారు 1,100. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు. రెండు ఫ్యాన్లు, మూడు ఎల్‌ఈడీ బల్బులు, వైఫై రూటర్ పెట్టుకుంటే ఆరు గంటలు. అవే బీఎల్‌డీసీ ఫ్యాన్లయితే ఒక్కోటి 30 వాట్లే, కాబట్టి పదకొండు గంటలు దాటుతుంది. బ్యాటరీ మార్చడం కంటే ఫ్యాను మార్చడం లాభమని ఇన్వర్టర్ కొట్టువాడు మాత్రం చెప్పడు. గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లు బ్యాటరీని నేల మీద కాకుండా రెండడుగుల స్టాండు మీద పెట్టుకోవాలి, గాలి ఆడే చోట. చార్జింగ్‌లో దాన్నుంచి హైడ్రోజన్ వస్తుంది, పక్కనే అగరొత్తులు వెలిగించొద్దు.

పాత రాగితీగ ల్యాండ్‌లైన్ కరెంటు పోయినా మోగేది, గుర్తుందా? ఫోనుకు కావాల్సిన 48 వోల్టులు ఎక్స్ఛేంజీ నుంచే ఆ తీగలో వచ్చేవి. ఫైబర్ లైన్ వెలుతురును మోస్తుంది, కరెంటును కాదు. అందుకే ఇంట్లో పెట్టె ఆగితే ఫోనూ ఆగుతుంది.

సిలిండర్ తేలుతుంది!

నమ్మబుద్ధి కాదు గానీ, నిండు గ్యాస్ సిలిండర్ కూడా నీళ్లలో తేలుతుంది. ఖాళీ బండ 15 కిలోల పైచిలుకు, అందులో గ్యాస్ 14.2 కిలోలు, మొత్తం 30 కిలోల లోపు. ఆ సిలిండర్ లోపల పట్టే నీళ్లే 33 లీటర్లు. తను తోసేసే నీటి కంటే తనే తేలిక కాబట్టి వరద వంటింట్లోకి వస్తే బండ లేచి, రబ్బరు పైపును లాగేస్తుంది. నీళ్లు గడప దాటుతున్నాయంటే రెగ్యులేటర్ తీసేసి, మూత పెట్టి, బండను కిటికీ ఊచలకు తాడుతో కట్టేయాలి.

ఫ్రిజ్ తలుపు తీయకుండా ఉంటే కరెంటు లేకపోయినా నాలుగు గంటలు చల్లగా ఉంటుంది. నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం నిండినది 24. ఊరెళ్లేవాళ్లకు ఒక చిట్కా: గిన్నెలో నీళ్లు గడ్డకట్టించి దాని మీద రూపాయి బిళ్ల పెట్టి వెళ్లండి. తిరిగొచ్చేసరికి బిళ్ల అడుగున మంచులో ఇరుక్కుని ఉంటే, మీరు లేనప్పుడు కరెంటు చాలాసేపు పోయి మళ్లీ వచ్చిందని అర్థం. ఆ ఫ్రీజర్‌లోని మటన్ మొహమాటం లేకుండా పారేయొచ్చు.

నిమ్స్ ఆస్పత్రికి తిరిగే షుగర్ రోగులు ఈ పేటల్లో చాలామందే ఉంటారు. ఫ్రిజ్ ఆగిందని ఇన్సులిన్ పారేయనక్కర్లేదు. చాలా రకాలు 30 డిగ్రీలు మించని చోట 28 రోజుల దాకా పనిచేస్తాయి. గడ్డకట్టినది మాత్రం పనికిరాదు, కాబట్టి ఐసుగడ్డల మధ్య పెట్టొద్దు. మట్టికుండలో నీళ్లు పోసి, అందులో స్టీలు డబ్బా దించి, డబ్బాలో సీసా పెడితే చాలు. తిండి విషయానికొస్తే అటుకులు, మరమరాలు, పచ్చడి, అరటిపళ్లు ఉన్న ఇంట్లో రెండు రోజులు స్టవ్ వెలిగించకపోయినా ఎవరూ పస్తుండరు.

తడిసిన సర్టిఫికెట్లు, బియ్యంలో ఫోను

హాస్టల్లో మంచం కింద సూట్‌కేసు, అందులో టెన్త్ మెమో నుంచి డిగ్రీ పట్టా దాకా. గ్రౌండ్ ఫ్లోర్ గదిలో నీళ్లొస్తే ముందు తడిసేది అదే. తడిసిన కాగితాలను విడదీయాలని లాగితే చిరుగుతాయి, ఎండలో పెడితే వంకర్లు పోతాయి. గ్రంథాలయాల వాళ్లు తడిసిన పుస్తకాలను ఫ్రీజర్‌లో పెడతారు. గడ్డకడితే బూజు పట్టదు, సిరా పాకదు, తీరిగ్గా ఆరబెట్టుకోవచ్చు. కరెంటు ఉన్న చుట్టాల ఇంట్లో ఐస్‌క్రీం పక్కన మీ డిగ్రీ పెట్టమంటే వాళ్లు ఏమనుకుంటారో గానీ, పద్ధతి అదే. ఎండ పూటే డిజిలాకర్‌లో ఎక్కించుకుంటే ఈ తంటా ఉండదు. 2015 నుంచీ ఉంది.

తడిసిన ఫోన్‌ను బియ్యం డబ్బాలో పెట్టొద్దని 2024లో ఆపిల్ సంస్థే చెప్పింది. బియ్యం నలుసులు లోపలికి దూరి పాడుచేస్తాయట. చార్జింగ్ రంధ్రం కిందికి ఉండేలా పట్టుకుని తట్టి, గాలి తగిలే చోట వదిలేస్తే చాలు. బియ్యం అన్నానికే.

సెల్ఫ్ కొట్టొద్దు

సెల్లార్‌లో మునిగిన కారును చూడగానే "స్టార్ట్ అవుతుందేమో" అని తాళం తిప్పడమే అసలు నష్టం. ఇంజిన్‌లోకి చేరిన నీళ్లు గాలిలా నలగవు, పిస్టన్ పైకి రాగానే రాడ్డు వంగిపోతుంది. ఫుల్ ఇన్సూరెన్స్ వరద నష్టం ఇస్తుంది. కానీ మునిగాక మనం స్టార్ట్ చేయడం వల్ల పోయిన ఇంజిన్‌కు, ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవరు లేకపోతే, చాలా కంపెనీలు చేతులు దులుపుకుంటాయి. నీళ్లు ఎంతవరకు వచ్చాయో కనిపించేలా ఫొటో తీసి, బ్యాటరీ తీగ ఊడదీసి, బండిని లాగించుకుపోవడమే.

బేగంపేట దోమ

1897 ఆగస్టు 20న బేగంపేటలో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టాడు. 1902లో నోబెల్ వచ్చింది. ప్రపంచ దోమల దినం కూడా ఆగస్టు 20నే, మన వానలు ముదిరే రోజుల్లోనే. అమీర్‌పేట నుంచి ఆయన పేరున్న భవనం ఆటోకు పది నిమిషాల దూరం.

ఇప్పుడు మనల్ని పట్టి పీడిస్తున్న డెంగీ దోమ ఏడిస్ జాతిది. మురుగులో కాదు, శుభ్రమైన నీళ్లలో పెరుగుతుంది. సీసా మూతలో నిలిచినంత నీరు చాలు, గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. అందుకే వరద వచ్చిన రోజు కాదు, పదో రోజు జాగ్రత్త. ఇంకో సంగతి: ఏడిస్ గుడ్లను నీళ్లలో వదలదు, నీటి అంచుకు కాస్త పైన డ్రమ్ము గోడకు అతికిస్తుంది. అవి ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. కాబట్టి కూలర్‌లో, డ్రమ్ములో నీళ్లు పారబోస్తే సరిపోదు. పీచు పెట్టి గోడలు గట్టిగా రుద్ది, ఆ తర్వాత బోర్లించాలి.